సోడియానికి ఎట్ల తెలుసు? పదో తరగతి రసాయన బంధం పాఠంలో మా పాప అడిగిన ప్రశ్న

బండల మిషన్, తాడిపత్రి – శుక్రవారం రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నేను తాడిపత్రిలో బండల పాలిష్ మిషన్ మీద పని చేస్తాను. పదో తరగతితో చదువు ఆగిపోయింది. మా పాప ఇప్పుడు పదో తరగతి. నిన్న రాత్రి రసాయన బంధం పాఠం చదువుకుంటూ నన్ను ఒక మాట అడిగింది. అప్పటినుంచి నా బుర్రలో అదే తిరుగుతోంది.

పాఠంలో ఉన్నది ఇది. సోడియానికి చివరి కర్పరంలో (ఎలక్ట్రాన్లు ఉండే బయటి పొరలో) ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది, క్లోరిన్‌కి ఏడు. సోడియం తన ఒక్కటీ ఇచ్చేస్తే దానికి బయట ఎనిమిది మిగులుతాయి, క్లోరిన్ ఆ ఒక్కటీ తీసుకుంటే దానికీ ఎనిమిది అవుతాయి. రెండూ స్థిరపడతాయి. పాప ఇదంతా గడగడా అప్పజెప్పి, పుస్తకం మూసి, "నాన్నా, తనకు ఎనిమిది ఉండాలని సోడియానికి ఎట్ల తెలుసు? దానికి లెక్క వచ్చా?" అంది.

స్కూల్లో సిలబస్ హడావిడిలో దీనికి జవాబు దొరకలేదట. నేనేం చెప్పేది? మార్కుల కోసం అడగడం లేదు. పిల్లకు నిజంగా అర్థమయ్యేలా ఎవరైనా చెప్తారా? లెక్కలున్నా పర్వాలేదు, చేసుకుంటుంది.

చాక్‌పీస్, గుత్తి – శుక్రవారం రాత్రి 10:25

అన్నా, నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ముందు పాఠం వరకు చెప్తాను.

సోడియం పరమాణు సంఖ్య 11. అంటే కేంద్రకంలో 11 ప్రోటాన్లు, చుట్టూ 11 ఎలక్ట్రాన్లు. అవి కె, ఎల్, ఎం కర్పరాల్లో 2, 8, 1గా సర్దుకుంటాయి. క్లోరిన్ 17, దానిది 2, 8, 7. ఈ రెండింటికీ దగ్గర్లో ఉన్న జడ వాయువులు నియాన్, ఆర్గాన్. నియాన్‌ది 2, 8. ఆర్గాన్‌ది 2, 8, 8. ఇవి మామూలుగా దేనితోనూ కలవవు కాబట్టి, బయట ఎనిమిది ఉంటే స్థిరత్వం అని 1916లో అమెరికాలో లూయిస్, జర్మనీలో కోసెల్ విడివిడిగా ప్రతిపాదించారు. మన అష్టక నియమం అక్కడినుంచి వచ్చిందే.

క్లాసులో నేను "సోడియం ఇవ్వడానికి ఇష్టపడుతుంది, క్లోరిన్ తీసుకోవడానికి ఇష్టపడుతుంది" అనే చెప్తాను. అలా చెప్తే పిల్లలకు గుర్తుంటుంది. కానీ మీ పాప అడిగిన చోట ఆ మాట పనికిరాదు. ఇష్టం ఉండాలంటే మనసుండాలి కదా. నేను పదకొండేళ్లుగా ఈ పాఠం చెప్తున్నాను, ఇంత సూటిగా ఏ పిల్లా అడగలేదు. కెమిస్ట్రీ లోతుగా తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే రాయండి, నాకూ కావాలి.

ల్యాబ్ కోటు, ఎర్రగుంట్ల – శుక్రవారం రాత్రి 11:40

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి సిమెంటు ల్యాబ్‌లో పని చేస్తున్నాను. షిఫ్ట్ అయిపోయి ఇప్పుడే చూశాను. ఈ ప్రశ్నకు జవాబు రాయకుండా పడుకోబుద్ధి కాలేదు.

పాపకు మొదట ఇది చెప్పండి: సోడియం తన ఎలక్ట్రాన్‌ను ఇష్టంగా ఇవ్వదు. దాని దగ్గర నుంచి లాగాలి. కేంద్రకంలో 11 ధనావేశాలున్నాయి, అవి ఆ ఎలక్ట్రాన్‌ను పట్టుకునే ఉంటాయి. విడిగా ఉన్న సోడియం పరమాణువు నుంచి దాన్ని ఊడబెరకడానికి మోల్‌కు 496 కిలోజౌళ్ల శక్తి ఖర్చు పెట్టాలి. దీన్నే అయనీకరణ శక్తి అంటాం. మోల్ అంటే ఏదో పెద్ద మాట అనుకోవద్దు. ఒక మోల్ ఉప్పు 58.5 గ్రాములు, చిన్న గుప్పెడు.

ఇప్పుడు ఆ ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కి ఇస్తే మనకు 349 కిలోజౌళ్లు తిరిగి వస్తాయి. 496 పెట్టి 349 తెచ్చుకున్నాం. ఇంకా 147 చేతినుంచి పడింది. పుస్తకంలో బాణం గుర్తు వేసి "ఇద్దరూ స్థిరపడ్డారు" అని ఆపేసే చోట, నిజం లెక్కలో మనం నష్టంలో ఉన్నాం! ఎనిమిది వచ్చేసినా నష్టమే. ఈ మాట పాపకు రెండుసార్లు చదివి వినిపించండి.

మరి ఉప్పు ఎలా ఏర్పడింది? ఆ తర్వాత జరిగే దాంట్లో ఉంది అసలు రాబడి. సోడియం ఇప్పుడు ధన అయాన్, క్లోరిన్ రుణ అయాన్. ఆవేశం వచ్చిన పరమాణువునే అయాన్ అంటాం. రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఒక జత మాత్రమే కాదు, కోట్లానుకోట్ల అయాన్లు అన్ని వైపుల నుంచీ ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటాయి. ఒక్కో సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్‌లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియాలు: పైన, కింద, ముందు, వెనక, కుడి, ఎడమ. అలా పేర్చుకున్నప్పుడు మోల్‌కు 787 కిలోజౌళ్లు బయటికొస్తాయి. దీన్ని జాలక శక్తి అంటారు. 787లో 147 తీసేస్తే 640 లాభం.

మన చేతిలో ఉండేది విడి పరమాణువులు కాదు, సోడియం లోహం ముక్కా క్లోరిన్ వాయువూ అనుకుంటే, లోహాన్ని విడగొట్టడానికి ఇంకో 107, క్లోరిన్ జంటను విడదీయడానికి సుమారు 122 ఖర్చవుతాయి. అవీ పోను మిగిలేది దాదాపు 411. సోడియం ముక్కను క్లోరిన్‌లో మండిస్తే వచ్చే వేడిని కొలిస్తే వచ్చేదీ 411. కాగితం మీద వేసిన లెక్క, ప్రయోగంలో కొలిచిన వేడి ఒకే చోట కలుస్తాయి. నేను మొదటిసారి ఈ లెక్క వేసిన రోజు హాస్టల్ గదిలో ఒక్కణ్ణే లేచి నిలబడ్డాను.

కాబట్టి సోడియానికి ఏమీ తెలియదు. వ్యతిరేక ఆవేశాలు లాక్కుంటాయి, ఒకే రకం ఆవేశాలు నెట్టుకుంటాయి. పరమాణువుల ప్రపంచంలో జరిగేది ఇంతే. మొత్తం మీద శక్తి తగ్గే దారి దొరికితే అటు పోతుంది, కొండ మీద నీళ్లు వంకలోకి దిగినట్టు. నీళ్లకు వంక ఎక్కడుందో ముందే తెలుసా?

బండల మిషన్, తాడిపత్రి – శనివారం ఉదయం 6:30

సార్, మీకు చేతులెత్తి దండం పెడుతున్నా. పొద్దున్నే పాపను లేపి చదివించాను. రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివింది. నోట్‌బుక్‌లో 496, 349, 787 రాసుకుని కూడికలు తీసివేతలు చేసింది. చేసి మళ్లీ అడుగుతోంది: "అంత లాభం వస్తా ఉంటే, సోడియం రెండో ఎలక్ట్రాన్ కూడా ఇచ్చేయొచ్చు కదా? రెండు ఆవేశాలైతే ఇంకా గట్టిగా లాక్కుంటాయి కదా?"

ల్యాబ్ కోటు, ఎర్రగుంట్ల – శనివారం ఉదయం 7:15

ఈ ప్రశ్న డిగ్రీలో మా లెక్చరర్ మమ్మల్ని అడిగినది. పదో తరగతి పిల్ల తనంతట తాను అడిగిందంటే నాకు చాలా సంతోషంగా ఉంది.

పాప ఆలోచన సరైనదే. రెండు ఆవేశాలైతే ఆకర్షణ పెరుగుతుంది, జాలక శక్తి కూడా పెరుగుతుంది. కానీ ఖర్చు చూడండి. సోడియం నుంచి మొదటి ఎలక్ట్రాన్ లాగడానికి 496. రెండోది లాగడానికి 4562! తొమ్మిది రెట్లకు పైనే. ఎందుకంటే మొదటిది బయటి కర్పరంలో దూరంగా ఉంది, లోపలి పది ఎలక్ట్రాన్లు కేంద్రకానికీ దానికీ మధ్య అడ్డుగా ఉన్నాయి. అది పోయాక తర్వాతిది లోపలి కర్పరంలో ఉంటుంది. అది కేంద్రకానికి దగ్గర, అడ్డు తక్కువ, పట్టు గట్టి. మామూలు పరిస్థితుల్లో క్లోరిన్‌తో పేర్చుకునే ఏ స్ఫటికమూ ఆ 4562 అప్పు తీర్చలేదు. అందుకే సోడియం ఒక్కదాంతో ఆగుతుంది.

పాపను ఇప్పుడు మెగ్నీషియం లెక్క చూడమనండి. మొదటిది 738, రెండోది 1451, మూడోది 7733. ఎక్కడ ఒక్కసారిగా ఎగిరిందో తనే చెప్తుంది. అక్కడే దాని వేలన్సీ, అంటే అది ఎన్ని ఎలక్ట్రాన్లు ఇస్తుందో, తెలిసిపోతుంది.

బయట ఎనిమిది మిగిలే చోట ఖర్చు ఒక్కసారిగా పెరిగిపోతుంది, బేరం అక్కడ ఆగుతుంది. లూయిస్, కోసెల్ గమనించిన ఎనిమిది ఇదే.

ఎంపీసీ, కడప – శనివారం ఉదయం 8:05

ఇంటర్ సెకండియర్. నాకు ఈ లెక్క ఫస్టియర్‌లో చెప్పారు, కానీ అష్టక నియమంతో దీనికి సంబంధం ఉందని ఇప్పుడే తెలిసింది. మేం రెండూ వేరువేరు పాఠాలుగా బట్టీ పట్టాం.

ఒక డౌట్. అష్టక నియమాన్ని పాటించని అణువులు చాలా ఉన్నాయి కదా. బోరాన్ ట్రైఫ్లోరైడ్‌లో బోరాన్ చుట్టూ ఆరే. ఫాస్ఫరస్ పెంటాక్లోరైడ్‌లో పది, సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్‌లో పన్నెండు అని లెక్క చెప్తారు. నైట్రిక్ ఆక్సైడ్‌లో మొత్తం ఎలక్ట్రాన్లు బేసి సంఖ్య, అందరికీ ఎనిమిది రావడం కుదరనే కుదరదు. ఎనిమిదే స్థిరత్వం అని పదో తరగతిలో నేర్చుకుని, ఇంటర్‌లో ఇవి వచ్చేసరికి నాకు చాలా టెన్షన్ వచ్చింది. మొదట నేర్చుకున్నది అబద్ధమా అనిపించింది.

చాక్‌పీస్, గుత్తి – శనివారం ఉదయం 8:40

అబద్ధం కాదమ్మా. అది చాలా చోట్ల పనికొచ్చే నియమం. కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫ్లోరిన్ దగ్గర బాగా పనిచేస్తుంది. ఈ నాలుగూ ఉన్న రెండో పీరియడ్‌లో బయటి కర్పరంలో ఒక ఎస్ ఆర్బిటాల్, మూడు పి ఆర్బిటాళ్లు, మొత్తం నాలుగు గదులు. ఒక గదికి ఇద్దరు మించి ఉండకూడదని 1925లో పౌలీ చెప్పిన వర్జన నియమం. నాలుగు రెళ్లు ఎనిమిది. ఎనిమిది అనే అంకె ఇక్కడినుంచి వచ్చింది.

జడ వాయువులు ఎప్పటికీ కలవవు అనే మాట కూడా 1962లో పోయింది. నీల్ బార్ట్‌లెట్ గ్జినాన్‌తో ఒక సమ్మేళనం తయారు చేశాడు. అప్పటినుంచి గ్జినాన్ ఫ్లోరైడ్‌లు, ఆక్సైడ్‌లు ఎన్నో వచ్చాయి. క్లాసులో ఈ సంగతి చెప్తే పిల్లల కళ్లు పెద్దవవుతాయి. జడం అన్నది కూడా మన లెక్క ప్రకారం "ఖర్చు ఎక్కువ" అని మాత్రమే.

పాప విషయంలో ఒక మాట. పరీక్షలో పాఠ్యపుస్తకం ప్రకారం ఎలక్ట్రాన్ విన్యాసం, అష్టకం, బాణం గుర్తు అన్నీ రాయాలి. మార్కులు వాటికే. దాని కింద "ఈ ప్రక్రియలో మొత్తం శక్తి తగ్గుతుంది కాబట్టి బంధం ఏర్పడుతుంది" అని ఒక వాక్యం చేరిస్తే పేపర్ దిద్దేవాళ్లు సంతోషిస్తారే తప్ప మార్కు కోయరు.

రిటైర్డ్ మాస్టారు, కర్నూలు – శనివారం ఉదయం 10:20

చర్చ చాలా బాగుంది నాయనా. నేను ముప్పై ఏళ్లు తెలుగు మీడియంలో సైన్స్ చెప్పినవాణ్ణి. మీరందరూ వదిలేసిన ఒక మాట ఉంది. మన పిల్లల తికమక సగం దాంట్లోనే ఉంటుంది.

పాఠంలో పరమాణువు అంటే ఆటమ్, అణువు అంటే మాలిక్యూల్. కానీ బయట పేపర్లో, టీవీలో అణుబాంబు, అణుశక్తి, అణువిద్యుత్ కేంద్రం అంటారు. అక్కడ అణువు అంటే పరమాణువు, నిజానికి దాని కేంద్రకం. మన పులివెందుల దగ్గర తుమ్మలపల్లెలో యురేనియం తవ్వుతారు కదా, దాని గురించి చదివిన పిల్లవాడు క్లాసుకొచ్చి "నీటి అణువు" అనగానే బిత్తరపోతాడు. నేను ప్రతి ఏడూ మొదటి రోజు బోర్డు మీద ఈ రెండు మాటలూ రాసి, వీధిలో వాడే అర్థం, పాఠంలో వాడే అర్థం పక్కపక్కన పెట్టేవాణ్ణి. ఇప్పుడు ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలకూ ఇంట్లో అమ్మానాన్నలు తెలుగులోనే వివరిస్తారు కాబట్టి ఇది ఇంకా అవసరం.

యురేనియం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. దాని కేంద్రకంలో 92 ప్రోటాన్లు. ఎక్కువగా దొరికే రకంలో 146 న్యూట్రాన్లు. రియాక్టర్‌లో ఎక్కువగా విరిగేది మాత్రం 143 న్యూట్రాన్లున్న అరుదైన రకం కేంద్రకం. మనం మాట్లాడుతున్న రసాయన బంధంలో కేంద్రకం జోలికి ఎవరూ పోరు. అంతా బయటి ఎలక్ట్రాన్ల వ్యవహారమే. అందుకే ఉప్పు ఎన్నిసార్లు కరిగించినా సోడియం సోడియంగానే ఉంటుంది.

ఆ కేంద్రకం ఎంత చిన్నదో పిల్లలకు ఎంత చెప్పినా తక్కువే. 1911లో రూథర్‌ఫర్డ్ చెప్పిన సంగతి ఇది. అంతకు ముందు ఆయన దగ్గర పనిచేసిన గైగర్, మార్స్‌డెన్ పల్చటి బంగారు రేకు మీదికి ఆల్ఫా కణాలు పంపారు. దాదాపు అన్నీ రేకులోంచి దూసుకుపోయాయి, వేలల్లో ఏ ఒక్కటో వెనక్కి తిరిగొచ్చింది. ఆ ఒక్కటే ఆయనకు అసలు సంగతి చెప్పింది. నేను పిల్లలకు ఇలా చెప్పేవాణ్ణి: హైడ్రోజన్ కేంద్రకాన్ని ఒక వేరుశనగ గింజంత చేసి కొండారెడ్డి బురుజు ముందు పెట్టామనుకోండి. దాని ఎలక్ట్రాన్ ఉండే చోటు అక్కడినుంచి మూడు వందల మీటర్ల దూరం. మధ్యలో ఏమీ లేదు. ఒకసారి పిల్లలను నిజంగానే అక్కడికి తీసుకెళ్లి, ఒకణ్ణి గింజ పట్టుకుని నిలబడమని, మిగతావాళ్లతో అడుగులు లెక్కబెడుతూ నడిచాను. వెనక్కి తిరిగి చూస్తే గింజ మాట అటుంచి, పట్టుకున్న పిల్లవాడే ఆనవాలు పట్టలేనంత చిన్నగా కనిపించాడు.

పుస్తకంలో గీసిన బొమ్మలో కేంద్రకం గోళీకాయంత, కర్పరాలు దాని పక్కనే ఉంటాయి. కాగితం సరిపోక అలా గీశారు. ఎలక్ట్రాన్లు గుండ్రటి దారుల్లో తిరుగుతాయన్న బొమ్మ కూడా 1913 నాటి బోర్ నమూనా. 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక దాని స్థానంలో ఆర్బిటాళ్లు వచ్చాయి. పదో తరగతి పిల్లకు ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంచితే ఇంటర్‌లో తడబడదు.

వంటింటి సైన్స్, కడప – శనివారం మధ్యాహ్నం 2:10

బీఎస్సీ చదివి ఇంట్లో ఉంటున్నాను, మా ఇద్దరు పిల్లలకు వంటింట్లోనే సైన్స్ చెప్తుంటాను. తాడిపత్రి అన్నా, పాపతో ఈ రెండూ చేయించండి.

పాత స్టీలు గరిటెలో అర చెంచా చక్కెర వేసి సన్నటి మంట మీద పెట్టండి. ముందు అంచులు తడిగా మెరుస్తాయి, తర్వాత కరుగుతుంది, బంగారు రంగు, ఎరుపు, చివరికి నల్లబడి కమురు వాసన. సుమారు 186 డిగ్రీల దగ్గరే దాని పని అయిపోతుంది. ఇంకో గరిటెలో కల్లుప్పు వేసి అదే మంట మీద పెట్టండి. ఎంతసేపు పెట్టినా కరగదు. ఉప్పు కరగాలంటే 801 డిగ్రీలు కావాలి. ఎర్రగుంట్ల సార్ చెప్పిన ఆరు వైపుల పట్టు అంటే ఇదే. చక్కెరలో అణువుకూ అణువుకూ మధ్య ఉండే పట్టు దాంతో పోలిస్తే చాలా బలహీనం.

కానీ ఉప్పు కరగకుండా చిటపటలాడి ఎగురుతుంది, ముఖాలు దూరంగా పెట్టండి. మా అవ్వ మాకు దిష్టి తీసి ఉప్పు పొయ్యిలో వేసేది. చిటపటమంటే "చూడు, ఎంత దిష్టి తగిలిందో" అనేది. కల్లుప్పు స్ఫటికాల్లో సముద్రపు నీటి చుక్కలు చిక్కుకుని ఉంటాయి. వేడికి అవి ఒక్కసారిగా ఆవిరై స్ఫటికాన్ని పగలగొడతాయి, ఆ చప్పుడు అదే. ఈ సంగతి చెప్తే మా అవ్వ నవ్వి, "అయినా తీస్తాను" అంది. ఇప్పటికీ నా పిల్లలకు తీస్తుంది, నేను కాదనను.

రెండోది. గ్యాస్ స్టవ్ నీలం మంటలోకి చిటికెడు మెత్తటి ఉప్పు చల్లండి. మంట పసుపు రంగుకు మారుతుంది. ఆ వేడికి సోడియం పరమాణువుల చివరి ఎలక్ట్రాన్ పై స్థాయికి ఎగిరి, మళ్లీ కిందికి దిగుతూ 589 నానోమీటర్ల దగ్గర పసుపు వెలుగు ఇస్తుంది. ఇన్ని రోజులుగా మనం మాట్లాడుకుంటున్న ఆ ఒక్క ఎలక్ట్రాన్ కంటికి కనిపించేది అక్కడే.

బండల మిషన్, తాడిపత్రి – శనివారం రాత్రి 8:45

అక్కా, రెండూ చేశాం. పసుపు మంట చూసి పాప అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు వచ్చారు.

తర్వాత పాప ఇంకొకటి చేసింది. టీచర్ ఒకసారి చెప్పారట, ఉప్పునీళ్లలో కరెంటు పోతుంది, చక్కెర నీళ్లలో పోదు అని. 9 వోల్టుల బ్యాటరీ, చిన్న ఎల్‌ఈడీ బల్బు, రెండు పెన్సిల్ ముల్లులు తీసుకుంది. ఉప్పునీళ్లలో బాగా వెలిగింది. చక్కెర నీళ్లలో కూడా సన్నగా వెలిగింది! పాప ఏడుపు ముఖం పెట్టింది. ఎక్కడ తప్పు చేశాం?

ల్యాబ్ కోటు, ఎర్రగుంట్ల – శనివారం రాత్రి 9:20

మీరు వాడింది బోరు నీళ్లా? అదే కారణం. మన అనంతపురం, కడప బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లు కరిగే ఉంటాయి. చాలా ఊళ్లలో ఫ్లోరైడ్ కూడా. గిన్నెల అంచుకు పట్టే తెల్లటి పొర వాటివల్లే. వెలిగింది చక్కెర వల్ల కాదు, నీళ్లలో ముందే ఉన్న అయాన్ల వల్ల.

ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ కొత్త సీసా తెచ్చి, గ్లాసు కూడా దాంతోనే కడిగి మళ్లీ చేయండి. బల్బు వెలగదు. చక్కెర వేయండి, వెలగదు. చిటికెడు ఉప్పు వేయండి, వెలుగుతుంది. ఉప్పు నీళ్లలో పడగానే నీటి అణువులు అయాన్ల చుట్టూ చేరి వాటిని విడదీస్తాయి, ఆ అయాన్లు కదిలి కరెంటును మోస్తాయి. చక్కెర అణువు విడిపోకుండా మొత్తంగానే నీళ్లలో తేలుతుంది, దానికి ఆవేశం లేదు.

కిటికీలు తెరిచి ఉంచండి. పెన్సిల్ ముల్లు దగ్గర వచ్చే బుడగల్లో కొద్దిగా క్లోరిన్ ఉంటుంది. ఇంటి కరెంటు ప్లగ్గుతో మాత్రం ఎవరూ, ఎప్పుడూ చేయకండి. బ్యాటరీ చాలు.

పాప ఏడవాల్సిన పని లేదు. అనుకున్నది రానప్పుడు నీళ్లను అనుమానించడం నేర్చుకుంది. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది అదే.

రైతు, కళ్యాణదుర్గం – శనివారం రాత్రి 9:50

సార్, నాది ఒక్క మాట. శనక్కాయ చేనుకు ఊడలు దిగేటప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాం. అది కూడా ఇట్లాంటి బంధమేనా?

ల్యాబ్ కోటు, ఎర్రగుంట్ల – శనివారం రాత్రి 10:05

అవునన్నా. జిప్సం అంటే కాల్షియం సల్ఫేట్, దానితో కొంత నీరు. తేమలో కొద్దికొద్దిగా కరిగి కాల్షియం అయాన్లను వదులుతుంది. కాయకు కావాల్సిన కాల్షియం వేరు నుంచి పైకి పోయి మళ్లీ కిందికి దిగి రాదు, నేలలో ఉన్న కాయే తన తొక్కతో నేరుగా పీల్చుకోవాలి. అందుకే సరిగ్గా ఊడలు దిగే చోట, ఆ సమయానికి వేయమంటారు. కాల్షియం తక్కువైతే తాలు కాయలు.

ముగ్గురాయి, రైల్వేకోడూరు – ఆదివారం ఉదయం 7:30

అయానిక బంధం ఒక పాఠం, సమయోజనీయ బంధం ఒక పాఠం అని పిల్లలు వేరువేరుగా నేర్చుకుంటారు. ఒకే రాయిలో రెండూ ఉన్న ఉదాహరణ మా దగ్గరే ఉంది. ఓబులవారిపల్లె మండలం మంగంపేట ముగ్గురాయి. ప్రపంచంలోనే పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి. ఇది బేరియం సల్ఫేట్. సల్ఫేట్ లోపల ఒక సల్ఫర్, నాలుగు ఆక్సిజన్లు ఎలక్ట్రాన్లను పంచుకుని సమయోజనీయ బంధాలతో కట్టుకుని ఉంటాయి. ఆ ముఠా మొత్తానికి రెండు రుణావేశాలు. దానికీ రెండు ధనావేశాలున్న బేరియానికీ మధ్య అయానిక ఆకర్షణ.

చేతిలోకి తీసుకుంటే మామూలు రాయి అనుకుని పట్టినవాడి చెయ్యి కిందికి జారుతుంది, నీటి కన్నా నాలుగున్నర రెట్లు బరువు. ఆ బరువు కోసమే చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు.

ఇంకో వింత చూడండి. బేరియం అయాన్ నీళ్లలో కరిగి ఒంట్లోకి పోతే విషం. బేరియం క్లోరైడ్ అలాంటిదే. కానీ కడుపు ఎక్స్‌రే తీసేముందు డాక్టర్లు బేరియం సల్ఫేట్ కలిపిన ద్రవాన్ని తాగిస్తారు. స్ఫటికంలో పట్టు ఎంత గట్టిదంటే నీళ్లు దాన్ని విడదీయలేవు, లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములు మించి కరగదు. ఒంట్లోకి ఎక్కకుండా అలాగే బయటికి పోతుంది. అదే బేరియం. ఎవరితో ఎంత గట్టిగా కట్టుకుందో చూసి మందో విషమో చెప్పాలి.

తుగ్గలి వాన – ఆదివారం ఉదయం 9:00

మా వైపు తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం తలలు వంచుకుని నడుస్తారు, మీకందరికీ తెలుసు. వజ్రం కార్బనే. ఒక్కో కార్బన్ నాలుగు వైపులా నాలుగు కార్బన్లతో సమయోజనీయ బంధం కట్టుకుంటుంది, రాయి మొత్తం ఒకే అణువు అన్నట్టు. పాప వాడిన పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ కూడా కార్బనే. దాంట్లో ఒక్కోటి మూడింటితోనే కట్టుకుని పొరలు పొరలుగా ఉంటుంది. నాలుగో ఎలక్ట్రాన్ పొర అంతటా తిరుగుతుంది కాబట్టే ఆ ముల్లులో కరెంటు పోయింది. వజ్రంతో ఆ ప్రయోగం చేస్తే బల్బు వెలగదు.

బండల మిషన్, తాడిపత్రి – ఆదివారం ఉదయం 11:15

డిస్టిల్డ్ వాటర్ తెచ్చి మళ్లీ చేశాం. చక్కెరకు వెలగలేదు, ఉప్పుకు వెలిగింది. పాప ముఖం చూడాల్సింది.

చివరి ప్రశ్న అంట. "క్లోరిన్, క్లోరిన్ కలిస్తే రెండూ లాక్కునేవే కదా. ఇచ్చేవాళ్లు లేరు. మరి బంధం ఎట్ల?" పుస్తకంలో పంచుకుంటాయి అని ఉంది. "ఇష్టం అన్న మాట తప్పైతే, పంచుకోవడం మాత్రం ఒప్పా?" అంటోంది.

చాక్‌పీస్, గుత్తి – ఆదివారం మధ్యాహ్నం 12:00

ఈసారి నేను ప్రయత్నిస్తాను, తప్పుంటే ఎర్రగుంట్ల సార్ దిద్దండి.

అన్నిటికన్నా చిన్నది, హైడ్రోజన్ జంట తీసుకుందాం. రెండు పరమాణువులు దూరంగా ఉన్నప్పుడు ఒక్కో ఎలక్ట్రాన్‌ను ఒక్కో కేంద్రకమే లాగుతుంది. దగ్గరికొచ్చేకొద్దీ రెండు కేంద్రకాల మధ్య ఎలక్ట్రాన్ల సాంద్రత పెరుగుతుంది. మధ్యలో ఉన్న ఆ రుణావేశాన్ని అటు కేంద్రకమూ లాగుతుంది, ఇటు కేంద్రకమూ లాగుతుంది. ఆ లాగుడే రెండింటినీ కలిపి ఉంచుతుంది. మరీ దగ్గరికొస్తే రెండు కేంద్రకాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. లాగుడూ నెట్టుడూ సరితూగే దూరం 74 పికోమీటర్లు. అక్కడ శక్తి అన్నిటికన్నా తక్కువ. విడదీయాలంటే మోల్‌కు 436 కిలోజౌళ్లు మళ్లీ పెట్టాలి. క్లోరిన్ జంటదీ ఇదే కథ. పరమాణువులు పెద్దవి కాబట్టి దూరం 199 పికోమీటర్లు, విడదీసే ఖర్చు సుమారు 243. ఉప్పు లెక్కలో సార్ 122 అన్నది దీంట్లో సగం, ఒక్క క్లోరిన్ వాటా.

పంచుకోవడం అనేది మనం పెట్టుకున్న పేరు. అక్కడ జరిగేది ఉప్పులో జరిగినట్టే, ఆవేశాల లాగుడు.

సోమవారం పొద్దున నా క్లాసులో బోర్డు మీద మొదట మీ పాప ప్రశ్న రాస్తాను. "సోడియానికి ఎట్ల తెలుసు?" అని, తాడిపత్రి నుంచి ఒక పదో తరగతి అమ్మాయి అడిగింది అని చెప్తాను. తనకు అభ్యంతరం లేదు కదా?

ల్యాబ్ కోటు, ఎర్రగుంట్ల – ఆదివారం మధ్యాహ్నం 12:20

దిద్దడానికి ఏమీ లేదు మేడమ్.

బండల మిషన్, తాడిపత్రి – ఆదివారం రాత్రి 9:30

మేడమ్, పాప సిగ్గుపడి లోపలికి పోయింది, కానీ సరే అంది.

సాయంత్రం ఒకటి జరిగింది. మిషన్ కింద ఆరిపోయిన బండల పొడి కొంచెం నా ప్యాంటు మడతలో ఇంటికొచ్చింది. పాప దాన్ని సాసర్‌లో దులిపి నిమ్మకాయ పిండింది. చిన్న చిన్న బుడగలతో నురగ వచ్చింది. "నాన్నా, మన బండ కాల్షియం కార్బొనేట్. కార్బొనేట్ ముఠా లోపల పంచుకునే బంధాలు, కాల్షియంతో లాక్కునే బంధం, ముగ్గురాయి లాగానే. నిమ్మకాయలోని హైడ్రోజన్ అయాన్లు వచ్చి కార్బొనేట్‌ను విడగొట్టాయి. బుడగల్లో ఉన్నది కార్బన్ డయాక్సైడ్" అని తనే చెప్పింది.

వంటింటి గట్టు మీద నిమ్మరసం పడితే పాలిష్ పోతుంది, వెంటనే తుడవండి అని ఇరవై ఏళ్లుగా కస్టమర్లకు చెప్తున్నాను. ఎందుకు పోతుందో ఈ రాత్రి తెలిసింది.